కిందికి దించిన చిన్న కారుకి వీల్స్, టైర్లు కుదర్చడం ఎలా

రైల్వే అండర్‌బ్రిడ్జి పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కేచోట కారు ఒక్కసారి కూర్చుని లేస్తుంది. నెల్లూరులో మాగుంట లేఔట్ వైపు తిరిగేవాళ్లకు ఆ కుదుపు అలవాటే. పొట్టి స్ప్రింగులతో నా స్విఫ్ట్‌ను 35 మిల్లీమీటర్లు దించి కొత్త అలాయ్స్ వేయించిన మూడో రోజు, వెనక సీట్లో అమ్మ, పిన్ని, మేనల్లుడు ఉండగా, సరిగ్గా అక్కడే వెనక కుడి చక్రం దగ్గర జర్రుమని శబ్దం వచ్చింది. "ఏంది అబ్బయా, కింద ఏదన్నా ఈడ్చుకొస్తా ఉందా?" అంది పిన్ని. ఇంటికొచ్చి చూస్తే టైరు భుజం మీద చాకుతో గీసినట్టు చుట్టూతా ఒక గాటు. మడ్‌గార్డు లోపలి అంచు రేకు కోసేసింది.

షాపులో బిగించినప్పుడు టైరుకి, మడ్‌గార్డుకి మధ్య వేలు పట్టేంత సందు ఉండటం నా కళ్లతో చూశాను. అయితే అది ఖాళీ బండి సందు. ముగ్గురు ఎక్కి బండి గుంటలో పడ్డాక ఎంత మిగులుతుందో నేను అడగలేదు, షాపతనూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ మిగిలే సందు గురించే. రెండో సెట్ కొనే ముందు నేను చేసిన పనులన్నీ, చేసిన వరుసలోనే చెబుతాను.

దించడం ముందు, వీల్స్ తర్వాత

మోజు కొద్దీ ముందు వీల్స్ కొనేసి, స్ప్రింగుల సంగతి తర్వాత చూసుకుందామనుకునేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే తీసుకున్న కొలతలన్నీ మళ్లీ తీసుకోవాలి. స్ప్రింగులు ముందు మార్పించండి. బిగించిన రోజు ఉన్న ఎత్తు నెల తర్వాత ఉండదు. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేసరికి కొత్త స్ప్రింగు ఇంకాస్త సర్దుకుంటుంది. అప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించి, ఆ తర్వాత టేపు పట్టుకోండి.

ఉన్న స్ప్రింగునే గ్యాస్ కట్టర్‌తో రెండు చుట్లు కోసి దించుతామంటే మాత్రం ఎంత చవకైనా ఒప్పుకోవద్దు. వేడికి ఉక్కు గుణం మారిపోతుంది. కోసిన కొస సీటులో సరిగా కూర్చోదు. చక్రం గాలిలోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది.

ఎంత దించాలన్నది ఊరి రోడ్లను బట్టి చూసుకోవాలి. 2011లో వచ్చిన రెండో తరం స్విఫ్ట్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన మూడో తరానికి 163. అందులోంచి 35 తీసేస్తే మిగిలేది 135, 128. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని మీద ఈ బండ్లు నిదానంగా పోతాయి. పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు గట్లకు మాత్రం ఆ కొలతలతో సంబంధం లేదు. తడ నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద పోతున్నంతసేపు ఏ బాధా ఉండదు, దిగి సర్వీసు రోడ్డు పట్టగానే మొదలవుతుంది. కుటుంబంతో తిరిగే కారైతే 25 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోమంటాను. నేను 35 దించాను, ఇప్పుడైతే అంత దించను.

పాత చక్రం తిప్పి చూడండి

కారుకి ఏ వీల్ పడుతుందో తేల్చే అంకెలు ఐదారు. వాటిలో చాలావరకు మీ పాత వీల్ వెనకో, చువ్వల లోపలి వైపో పోతపోసి ఉంటాయి. చక్రం విప్పి గుడ్డతో తుడిచి ఫొటో తీసుకోండి.

మొదటిది పీసీడీ. నట్ల రంధ్రాల మధ్యగా పోయే వృత్తం వ్యాసం అది. స్విఫ్ట్, బాలెనో, ఐ20, హోండా సిటీ, జాజ్, ఇటియోస్ అన్నింటికీ నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు, అంటే 4×100. ఫోర్డ్ ఫిగోకి 4×108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 5×100. ఫియట్ పుంటోకి 4×98. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతోనే మోసపోతారు. 4×100 వీల్ పుంటో మీద ఎక్కినట్టే ఉంటుంది, బోల్టులూ బిగుస్తాయి, కానీ వంకరగా కూర్చుంటుంది. నాలుగు రంధ్రాల వీల్‌కి ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు కొలిస్తే పీసీడీ నేరుగా వచ్చేస్తుంది. ఐదు రంధ్రాల దానికి ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. 58.8 మిల్లీమీటర్లు వస్తే అది 5×100.

రెండోది సెంటర్ బోర్, అంటే చక్రం బిగించే హబ్ మీద కూర్చునే నడిమి రంధ్రం. సుజుకి, హ్యుందాయ్, టయోటా చిన్న కార్లకు 54.1 మిల్లీమీటర్లు, హోండాకి 56.1, పోలోకి 57.1. బయట దొరికే అలాయ్స్ అన్ని కార్లకూ పట్టాలని 67.1, 73.1 లాంటి పెద్ద రంధ్రంతో వస్తాయి. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగు వేయాలి. అది లేకుండా బిగిస్తే వీల్ నట్ల మీదే నిలుస్తుంది, వెంట్రుకవాసి పక్కకు జరిగినా 80, 90 వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. "బ్యాలెన్సింగ్ మూడుసార్లు చేయించినా వణుకు పోలేదు" అనేవాళ్లలో చాలామందికి లోపించింది ఈ రింగులే. అల్యూమినియంవి అడగండి. మన మే నెల ఎండకు బ్రేకుల వేడి తోడైతే నాసిరకం ప్లాస్టిక్ రింగు మెత్తబడుతుంది.

మూడోది నట్టు మర. స్టడ్డు (నట్టు ఎక్కే కడ్డీ) మందం, మర చుట్ల మధ్య దూరం మిల్లీమీటర్లలో చెబుతారు. సుజుకికి 12×1.25, హ్యుందాయ్, హోండా, టయోటాకి 12×1.5. పోలోకి నట్లు కాదు, 14×1.5 బోల్టులు. చూడటానికి సుజుకి నట్టూ హ్యుందాయ్ నట్టూ ఒకేలా ఉంటాయి. వేళ్లతో రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే అక్కడే ఆపి, నట్టు మార్చమనండి. అక్కడ వీల్ పానా పెట్టి బలంగా తిప్పితే స్టడ్డు మర చెడిపోతుంది. నట్టు కూర్చునే చోటు ఆకారం కూడా చూడాలి. బయటి అలాయ్స్‌కి దాదాపుగా శంకువు ఆకారం సీటు ఉంటుంది. హోండా, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ నట్లు, బోల్టులు గుండ్రటి సీటువి. వాటిని శంకువు సీటులో బిగిస్తే గీత మందాన మాత్రమే ఆనుతాయి, పోనుపోను వదులవుతాయి.

టైరు ఎత్తు లెక్క

టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. పక్కగోడ 185ను 0.65తో గుణిస్తే 120.25. పైనొకటి కిందొకటి కాబట్టి రెండింతలు 240.5. దానికి 15 అంగుళాలు, అంటే 381 కలిపితే 621.5. నేల నుంచి టైరు పైకొస దాకా ఎత్తు అది. కొత్త టైరు ఎత్తు దీనికి రెండు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు. పోతే మీటరు తప్పు చూపుతుంది, గేర్లు బరువుగానో తేలిగ్గానో మారతాయి, ఏబీఎస్ లెక్కలూ తేడా వస్తాయి.

ఈ లెక్కన 195/55 ఆర్16 ఎత్తు 620.9, అంటే పాతదానికి నకలే. 195/60 ఆర్15 అయితే 615, ఒక శాతం తక్కువ. 205/45 ఆర్17 కూడా 616.3 వస్తుంది కాబట్టి లెక్కలో పాసవుతుంది. 195/50 ఆర్16 మాత్రం 601.4, మూడు శాతం పైగా తక్కువ. దించిన బండిలో సందు బాగా కనిపిస్తుందని కొందరు కావాలనే పొట్టి టైరు వేస్తారు. అప్పుడు బండి ఇంకో సెంటీమీటరు దిగుతుంది, మీటరు 100 చూపితే అసలు వేగం 97 కూడా ఉండదు.

లెక్కలో పాసైనంత మాత్రాన రోడ్డు మీద పాసవదు. 205/45 ఆర్17లో పక్కగోడ 92 మిల్లీమీటర్లే. దించిన బండికి స్ప్రింగు ప్రయాణం ఎటూ తగ్గి ఉంటుంది, మిగిలిన దెబ్బ టైరే తినాలి. చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ లారీల కింద నలిగిన రోడ్డు మీద, కృష్ణపట్నం పోర్టు దారిలో గుంటల అంచు మీద ఆ 92 చాలదు. టైరు ఉబ్బుతుంది, లేదా రిమ్ము పెదవి వంగుతుంది. 17 అంగుళాలు ఫొటోలో బాగుంటాయని ఒప్పుకుంటాను. దించిన చిన్న కారుకి మన వైపు 15 అంగుళాల 195/60 హాయి, 16 అంగుళాల 195/55 హద్దు.

బరువూ తెలుసుకోండి. మా వీధి బియ్యం కొట్టు కాటా మీద పెట్టి తూచాను. మొదట కొన్న 16 అంగుళాల వీల్ ఒక్కోటి పాతదానికంటే రెండు కిలోలు ఎక్కువ. నాలుగు చక్రాలకు ఎనిమిది కిలోలు, అదీ స్ప్రింగు కింద వేలాడే బరువు. బండి లేవడంలో, గుంటలో పడినప్పుడు కొట్టే దెబ్బలో ఆ తేడా తెలిసిపోతుంది. కొట్టతను "బియ్యం తూచే దాని మీద చక్రాలేందన్నా" అని నవ్వాడు గానీ, తూచనిచ్చాడు.

ఆఫ్‌సెట్: నేను తప్పు చేసింది ఇక్కడే

వీల్ వెడల్పుకి సరిగ్గా నడిమధ్య ఒక గీత ఊహించుకోండి. హబ్‌కి ఆనుకునే ముఖం ఆ గీతకు ఎంత బయటికి ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్, వీల్ మీద ఈటీ అని ఉంటుంది. ఈటీ అంకె పెరిగితే చక్రం లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి పొడుచుకొస్తుంది. వెడల్పు పెరిగితే రెండు వైపులా సమానంగా పెరుగుతుంది. ఈ రెండూ కలిపి లెక్క వేయాలి. విడివిడిగా చూస్తే ఏమీ తెలియదు.

ఉదాహరణకు పాత వీల్ 5.5జె, అంటే 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. మీ వీల్ మీద వేరే అంకెలుంటే వాటితోనే చేయండి. 5.5 అంగుళాలు 139.7 మిల్లీమీటర్లు, సగం 69.85. బయటి అంచు హబ్ ముఖం నుంచి ఎంత దూరమంటే సగంలోంచి ఈటీ తీసేయాలి: 24.85. లోపలి అంచుకి కలపాలి: 114.85.

ఇప్పుడు షాపులో నాకు అంటగట్టిన రకం చూడండి. 7జె, ఈటీ 38. సగం 88.9. బయటి అంచు 50.9, లోపలి అంచు 126.9. అంటే రిమ్ము బయటికి 26 మిల్లీమీటర్లు, లోపలికి 12 జరిగింది. వెడల్పు రిమ్ము మీద 195 టైరు కాస్త సాగి కూర్చుంటుంది కాబట్టి టైరు భుజం లెక్కన తేడా 18 దాకా వస్తుంది. ఎత్తుగా ఉన్న బండికి 18 భరించొచ్చు. 35 దించిన బండిలో వెనక సీటు నిండితే, ఆ 18 మిల్లీమీటర్లే మడ్‌గార్డు అంచు కింద పడతాయి. "యాడా తగలదులే అన్నా, అందరికీ ఇదే ఏస్తా ఉండాం" అన్నాడతను. అతను అబద్ధమేమీ చెప్పలేదు, ఆ అందరివీ దించని బండ్లు.

తర్వాత వేసింది 15×6జె, ఈటీ 45, టైరు 195/60. సగం 76.2. బయటికీ లోపలికీ ఆరేసి మిల్లీమీటర్లు, అంతే. చూపుకి మొదటి సెట్ అంత దర్జాగా లేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆ పాత ఫొటో చూస్తే కొంచెం బాధేస్తుంది.

వీల్ మీద ఈటీ లేకపోతే మీరే కొలవొచ్చు. వీల్‌ను బోర్లా పెట్టి, వెనక పెదవుల మీద అడ్డంగా ఒక వంపులేని చెక్క బద్ద పెట్టండి. బద్ద నుంచి హబ్ ఆనే ముఖం దాకా కొలవండి. వీల్ మొత్తం మందం కూడా కొలిచి, దాని సగాన్ని మొదటి కొలతలోంచి తీసేస్తే మిగిలిందే ఈటీ. జె అంకె పెదవుల లోపలి వెడల్పు మాత్రమే, వీల్ మొత్తం మందం దానికంటే దాదాపు అంగుళం ఎక్కువ. అందుకే మందాన్ని టేపుతో కొలిచే తీసుకోండి, జె అంకెను సగం చేయకండి.

ఈటీ తక్కువైతే స్పేసర్లు అక్కర్లేదు కదా, ఎక్కువైతే స్పేసర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ల) వేసి బయటికి లాగొచ్చు కదా అని ఎవరైనా అంటారు. పలుచటి స్పేసర్ వేసినా స్టడ్డు మీద నట్టు ఎక్కే చుట్లు తగ్గుతాయి. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకి నట్టు కనీసం అంత మందాన పట్టాలి. 1.5 మరకు ఎనిమిది చుట్లు, 1.25 మరకు తొమ్మిది పది చుట్లు. లెక్కపెట్టుకోండి. చక్రం బయటికి జరిగేకొద్దీ వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గుంటలో పడినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది.

బండిని కూర్చోబెట్టి చూడటం

అంకెలన్నీ సరిపోయాయి. ఇక బండి మీద పెట్టి చూడాలి. డబ్బు కట్టే ముందు ఒక్క వీల్, టైరు ఎక్కించింది, పరీక్షకు ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే ఇంకో షాపు.

ముందు బ్రేకు. ఇంట్లోంచి గట్టిగా పిసికిన చపాతీ పిండి ముద్ద ఒకటి తీసుకెళ్లండి. నిమ్మకాయంత చాలు. బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టుకునే దిమ్మ) మీద బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట అద్ది, వీల్ ఎక్కించి రెండు నట్లు బిగించి, చేత్తో నిదానంగా ఒక చుట్టు తిప్పండి. విప్పి చూస్తే చువ్వలు రాసుకుపోయిన ఆనవాలు పిండి మీద ఉంటుంది. ఆ నొక్కుకున్నచోట అగ్గిపుల్ల గుచ్చి మందం కొలవండి. మూడు మిల్లీమీటర్లకు తక్కువుంటే ఆ వీల్ వద్దు. పెద్ద వీల్ కదా, కాలిపర్‌కి ఎందుకు తగులుతుందనుకుంటాం. రిమ్ము తగలకపోయినా చువ్వ లోపలికి వంపు తిరిగి ఉంటే తగులుతుంది.

తర్వాత ముందు షాకప్. చిన్న కార్లన్నింటికీ దాదాపు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్టే, అంటే షాకప్, స్ప్రింగు ఒకటిగా బిగించినది. టైరు లోపలి గోడకీ స్ట్రట్టుకీ మధ్య పెన్సిలు దూరాలి. చక్రం, స్ట్రట్టు రెండూ కలిసే పైకి కిందికి కదులుతాయి కాబట్టి ఆ సందు బరువెక్కినా మారదు. ఇక్కడ చూసింది చూసినట్టే నమ్మొచ్చు. కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాకప్ జంటలు) వేసినవాళ్లు మాత్రం స్ప్రింగు కింది సీటు టైరు పక్కకు దిగిందేమో చూసుకోవాలి.

మారేదల్లా బయటి సందు. వెనక వైపు దాన్ని కొలవడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఒకటే, స్ప్రింగు తీసేసి చూడటం. స్విఫ్ట్ లాంటి టార్షన్ బీమ్ (వెనక రెండు చక్రాలను కలిపే అడ్డదూలం) కార్లలో వెనక స్ప్రింగు, షాకప్ విడివిడిగా ఉంటాయి కాబట్టి మెకానిక్‌కి అరగంట పని. బండి బాడీని స్టాండ్ల మీద నిలబెట్టాలి, జాకీ మీద నమ్మకం పెట్టుకోకూడదు. షాకప్ కింది బోల్టు విప్పి, బీమ్ దించి, స్ప్రింగు బయటికి తీసి, షాకప్ మళ్లీ తగిలించి, కొత్త చక్రం ఎక్కించాలి. ఇప్పుడు బీమ్ కింద జాకీ పెట్టి నిదానంగా లేపండి. అడ్డుకోవడానికి స్ప్రింగు లేదు కాబట్టి చక్రం తేలిగ్గా పైకి పోతుంది, రబ్బరు స్టాప్‌కి తగిలే దాకా లేపండి. గుంటలో పడ్డప్పుడు మీ బండి ఎలా ఉంటుందో మీరు నిలబడి చూసేది ఇదొక్కసారే. మా మెకానిక్ అలా లేపినప్పుడు పాత సెట్ టైరు భుజం మడ్‌గార్డు అంచుకి తగిలి ఆగిపోయింది, రబ్బరు స్టాప్‌కి ఇంకా రెండు వేళ్ల దూరం ఉంది. అదే చోట 6జె వీల్ పెట్టి లేపితే అంచు లోపలికి దూరి పోయింది, సందు 9 మిల్లీమీటర్లు. వేగంలో రబ్బరు స్టాప్ ఇంకా నలుగుతుంది, మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. 8కి తక్కువైతే ఒప్పుకోవద్దు. ఒక వైపు మాత్రమే లేపి కూడా చూడండి. మలుపులో బండి ఒరిగేది ఒక వైపుకే.

ముందు స్ప్రింగు స్ట్రట్టులోనే బిగించి ఉంటుంది. దాన్ని నొక్కి విప్పడం ప్రమాదం, తెలిసినవాళ్లే చేయాలి. ఇంటి దగ్గర దానికి బదులు ఇంకో పని చేయొచ్చు. టైరు భుజానికి చుట్టూ సుద్దముక్క రుద్దండి. ఒక ముందు చక్రాన్ని తక్కువ ఎత్తు మెట్టు మీదికి ఎక్కించి, స్టీరింగ్ ఆ కొసకీ ఈ కొసకీ పూర్తిగా తిప్పుతూ ముందుకీ వెనక్కీ ఒక గజం నడపండి. దిగి టార్చి వేసి చూస్తే లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ తగులుతోందని అర్థం. లైనర్‌కి కొంచెం రాసుకోవడం పెద్ద తప్పు కాదు, క్లిప్పు సర్దితే పోతుంది. రేకుకి, వైరింగుకి, బ్రేకు గొట్టానికి అంటితే వీల్ వెనక్కి ఇచ్చేయండి.

చివరగా బరువు పరీక్ష. వెనక ముగ్గురు, డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు రెండు. ఊళ్లో మీకు తెలిసిన చెడ్డ స్పీడ్ బ్రేకర్ మీద, అండర్‌బ్రిడ్జి పల్లంలో, ఏసీ ఆపి, అద్దాలు దించి, చెవి పెట్టి పోనివ్వండి.

మడ్‌గార్డు అంచుని లోపలికి మడిపిస్తే సందు పెరుగుతుంది. హీట్ గన్‌తో రంగు వేడెక్కించి నిదానంగా మడవాలి. లేకపోతే రంగు పగులుతుంది. మైపాడు, కొత్తపట్నం సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పగిలినచోట తుప్పు తొందరగా పడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల కోసమైతే సరే, పది కోసమైతే వీల్ తప్పు.

వీల్, టైరు కొనేటప్పుడు

నెల్లూరువాళ్లు వీల్స్ కోసం చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డుకో పుదుపేటకో పోతారు, ఒంగోలువాళ్లు విజయవాడ ఆటోనగర్‌కి. సెకండ్‌హ్యాండ్ అయితే బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి చూపించమనండి, ఊగితే కనిపిస్తుంది. లోపలి వైపు వెల్డింగ్ చేసిన మచ్చ ఉంటే వద్దు. కొత్త వీల్ మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ పరీక్షల గుర్తులు ఉన్నాయేమో చూడండి. గుర్తు పోత అచ్చులోనే ఉండాలి, స్టిక్కర్‌ను లెక్కపెట్టకండి. ఒక్కో వీల్ ఎన్ని కిలోలు మోస్తుందో కూడా వెనక రాసి ఉంటుంది.

టైరు మీద 88హెచ్ లాంటి అంకె చూడండి. 88 అంటే 560 కిలోలు, 87 అంటే 545, 84 అంటే 500. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకునేది. కంపెనీ ఇచ్చిన లోడ్ అంకెకు తగ్గకండి. తక్కువ పక్కగోడ టైర్లలో ఇదే తప్పిపోయేది. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. మన దేశంలో అమ్మే టైరుకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 7జె రిమ్ము మీద 185 టైరు లాగి ఎక్కించే స్ట్రెచ్ ఫ్యాషన్‌కి దూరంగా ఉండండి. గాలి కాస్త తగ్గితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో చేరిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బండి దించడం కూడా ఈ పరిధికి బయట ఉందనుకోకండి. మీ మోడల్లోనే ఖరీదైన వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన టైరు సైజు, దాని రిమ్ము వెడల్పు దగ్గర ఆగిపోతే వీల్స్ వరకైనా గొడవ తక్కువ. మార్చినవి ఇన్సూరెన్సువాళ్లకు రాసి చెప్పండి. క్లెయిమ్ రోజు సర్వేయర్ ముందు కొత్తగా చెబితే కుదరదు.

బిగించాక

నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో. మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే పెట్టమనండి. గాలి గన్‌తో టకటకా బిగించి పంపేస్తే, రోడ్డు పక్కన పంక్చరైన రోజు ఆ నట్లు మీకు ఊడవు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూడండి. కొత్త అలాయ్ సర్దుకుని నట్టు కాస్త వదులవుతుంది.

అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి. దించిన బండికి ముందు చక్రాలు పైన లోపలికి వాలతాయి. ఒకటి, ఒకటిన్నర డిగ్రీ అయితే ఫరవాలేదు. టైరు లోపలి వైపు త్వరగా అరిగిపోతే క్యాంబర్‌ను (ఆ వాలును) తిట్టేముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) చూడండి, ఎక్కువసార్లు తప్పు దానిదే. వెనక టార్షన్ బీమ్‌కి సర్దే వీలు లేదు, అంకెలు చూసి రాసి పెట్టుకుంటే చాలు. గాలి తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీది అంకె నుంచి మొదలుపెట్టి. పక్కగోడ తగ్గిన టైరుకి ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువే నయం. వెయ్యి కిలోమీటర్లకు చక్రాలు విప్పి లోపలి భుజాలు వేళ్లతో తడిమి చూడండి.

ఒకటి మర్చిపోయేవాడిని. కొత్త అలాయ్స్ నట్లు శంకువు రకం అయ్యుండి, స్టెప్నీ మాత్రం పాత ఇనుప చక్రమే అయితే, దానికి పాత నట్లే కావాలి. కంపెనీ నట్లు నాలుగు ఒక పాత సాక్సులో వేసి ముడేసి స్టెప్నీ గుంటలోనే పెట్టుకోండి. కావలి దాటాక హైవే పక్కన రాత్రి పది గంటలకు ఆ సాక్సు నాకు ఒకసారి పనికొచ్చింది.